పాక పక్కన నిలబడ్డ గుర్రం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఊరికి దూరంగా పొలంలోనే కట్టుకున్న ఇల్లు. రెండు ఆవులు, ఒక గేదె ఉన్నాయి. మూడు రోజుల క్రితం తెల్లవారుజామున పాలు పితకడానికి వెళ్తే పాక పక్కన ఒక గుర్రం నిలబడి ఉంది. మెడకు తాడు లేదు, నోటికి కళ్ళెం లేదు. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లమచ్చ. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ముందుకాలి మీద ఎండిపోయిన గాయం ఉంది. అదిలిస్తే నాలుగడుగులు పోయి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడుతోంది. మావారు రోడ్డు దాకా తోలేద్దామంటున్నారు. మా అత్తగారేమో దానంతట అది వచ్చిన మూగజీవిని వెళ్ళగొట్టొద్దు, ఉంచుకుందాం అంటున్నారు. ఆవిడే రోజూ ఆవుల దాణా ఒక బకెట్టు పెడుతున్నారు. పదేళ్ళ మా బాబు దాని మీద ఎక్కుతానని ఒకటే గొడవ. ఇంకో సంగతి. అది రాత్రంతా నిలబడే ఉంటోంది. ఒక్కసారి కూడా పడుకోగా చూడలేదు. కాళ్ళ నొప్పేమో తెలియడం లేదు. మేం ఏం చెయ్యాలి?
ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చూడగానే ఫోనులో చెప్పిన మాటనే ఇక్కడ మళ్ళీ మొదట రాస్తున్నాను. ఇలాంటి పరిస్థితి రేపు ఇంకొకరికి రావచ్చు. ఆ దాణా బకెట్టు ఆపాలి.

మీ అత్తగారి మనసు నాకు అర్థమైంది. ఎముకలు బయటపడ్డ జీవి కళ్ళముందు నిలబడితే ఏ చెయ్యి ఊరుకుంటుంది? కాని చిక్కి శల్యమైన గుర్రానికి ఆకలి ఎంత ప్రమాదమో, ఆకలి తీర్చే తొందర కూడా అంత ప్రమాదం. రోజుల తరబడి పస్తులున్న గుర్రం తన కొవ్వునీ కండనీ కరిగించుకుంటూ బతుకుతుంటుంది. అలాంటప్పుడు పిండిపదార్థం ఎక్కువున్న గింజల దాణా ఒక్కసారిగా కడుపులో పడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, దాని వెంటే ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ ఇన్సులిన్ చక్కెరతో పాటు రక్తంలో అరకొరగా మిగిలి ఉన్న ఫాస్ఫరస్‌నీ, పొటాషియంనీ, మెగ్నీషియంనీ కణాల్లోకి లాగేస్తుంది. గుండె కొట్టుకోవడానికీ ఊపిరాడడానికీ ఆ లవణాలే ఆధారం. అందుకే ఇలాంటి గుర్రాలు చాలాసార్లు పస్తుల్లో పోవు. తిండి దొరికాక, మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య కుప్పకూలతాయి.

ఇది నేను పుస్తకంలో చదవడం కంటే ముందు కళ్ళారా చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ఇంటి దగ్గర ఇలాగే ఎక్కణ్ణుంచో వచ్చిన గుర్రాన్ని చూడమని పిలిచారు. గాయాలు కడిగాను, మందు రాశాను, "బాగా తినిపించండి, కోలుకుంటుంది" అని చెప్పి వచ్చేశాను. ఏం తినిపించాలో, ఎంత తినిపించాలో చెప్పలేదు. వాళ్ళు నా మాట అక్షరాలా పాటించారు. పూటపూటా గింజలు ఉడకబెట్టి గంపెడు పెట్టారు. నాలుగో రోజు పొద్దున్న అది లేవలేకపోయింది. సాయంత్రానికి పోయింది. ఆ ఇల్లాలు "మేమేం తప్పు చేశాం డాక్టరుగారూ" అని అడిగింది. తప్పు ఆవిడది కాదు, నాది. అప్పటి నుంచి ఇలాంటి గుర్రం గురించి ఎవరు అడిగినా తిండి సంగతే ముందు చెబుతున్నాను.

మీ గుర్రం ఎంత చిక్కిందో చేత్తో తడిమి తెలుసుకోవాలి. వెంట్రుకలు ఒత్తుగా ఉంటే కన్ను మోసపోతుంది. 1983లో అమెరికాలో డాన్ హెన్నెకె అనే పరిశోధకుడు, ఆయన సహచరులు గుర్రాల ఒంటి పుష్టిని 1 నుంచి 9 దాకా అంకెల్లో చెప్పే పద్ధతి ప్రచురించారు. ప్రపంచంలో చాలాచోట్ల పశువైద్యులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. మెడ, మూపు, నడుము, తోక మొదలు, పక్కటెముకలు, భుజం వెనక భాగం, ఈ ఆరుచోట్లా చూడాలి. పక్కటెముకలు మాత్రమే కనబడుతూ నడుము కాస్త నిండుగా ఉంటే సుమారు 3 లేదా 4. అంత భయం లేదు. వెన్నుపూసలు రంపపు పళ్ళలా పైకి లేచి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, తోక మొదట్లో గుంటపడి ఉంటే 1 లేదా 2. అప్పుడు ప్రతి పూటా లెక్కగా పెట్టాలి.

ఆ లెక్క ఇది. శుభ్రమైన ఎండుమేత మాత్రమే పెట్టండి. లూసర్న్ లాంటి పప్పుజాతి మేత దొరికితే అన్నిటికన్నా మంచిది. దాంట్లో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులూ లవణాలూ ఎక్కువ. నాలుగైదు వందల కిలోల గుర్రానికి విడతకు అరకిలో చొప్పున, నాలుగు గంటలకోసారి, రాత్రితో కలిపి రోజుకు ఆరు విడతలు. మూడు రోజులు ఇలా గడిచాక విడతను కొద్దికొద్దిగా పెంచుకుంటూ, విడతల మధ్య వ్యవధి కూడా పెంచుకుంటూ, పది రోజులకు అది తిన్నంత పెట్టే స్థితికి రావాలి. కోలుకున్నాక అలాంటి గుర్రం రోజుకు ఆరు నుంచి పది కిలోల ఎండుమేత తింటుంది. తవుడు, గింజలు, బెల్లం, ఇంట్లో మిగిలినవి ఏవీ వద్దు. మీ దగ్గర మూడు రోజులు దాణా తినేసింది కాబట్టి ఈ లెక్కను పశువైద్యుడు రక్తపరీక్ష చూసి మార్చవచ్చు. ఆయన మాటే పాటించండి. నీళ్ళకు మాత్రం అడ్డు చెప్పొద్దు. రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. వెడల్పాటి తొట్టిలో శుభ్రమైన నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. తొట్టి ఆవులది కాకుండా వేరేగా పెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు ఆవుల్ని పెంచిన ఇల్లాలు. పశువు ఒళ్ళు మీకు తెలుసు, దాని మనసు తెలుసు. ఆ అనుభవమే మీకు కొండంత బలం. అయితే కొన్నిచోట్ల అదే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే గుర్రం లోపలి కట్టడి వేరు. ఆవుకు నాలుగు గదుల కడుపు, అందులో వంద లీటర్లకు పైనే పడుతుంది. గబగబా మేసి, పడుకుని, తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గుర్రం కడుపు ఒక్కటే, అందులో పట్టేది ఎనిమిది నుంచి పదిహేను లీటర్లే. అందుకే అది రోజులో పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. నెమరు వెయ్యదు. వాంతి చేసుకోలేదు, అన్నవాహిక కడుపులోకి దిగేచోట కండరం అంత బిగుతుగా ఉంటుంది. బూజు పట్టిన గడ్డి, పులిసిన పాతర మేత, కోసి కుప్పపోసిన పచ్చిగడ్డి, వీటిలో కొన్ని ఆవుకు సరిపోవచ్చు, గుర్రానికి సరిపడవు. తిన్నది తేడా చేస్తే బయటికి పంపే దారి లేదు. కడుపు ఉబ్బి శూల వస్తుంది. గింజలు ఎక్కువైతే గిట్టల లోపలి పొర వాచి, నిలబడలేనంత నొప్పి పుడుతుంది. గిట్టకూ ఎముకకూ మధ్య పట్టు ఊడిపోయిందంటే దాన్ని మళ్ళీ నడిపించడం చాలా కష్టం.

ఆవుల దాణాలో ఇంకో ప్రమాదం దాగి ఉండొచ్చు. పశువుల దాణాల్లో, కోళ్ళ మేతల్లో కొన్నిటికి మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవులకూ కోళ్ళకూ అది మేలు చేస్తుంది. గుర్రానికి కిలో ఒంటిబరువుకు 2 లేదా 3 మిల్లీగ్రాములు చాలు, గుండె కండరం దెబ్బతిని చనిపోవడానికి. దాణా బస్తా మీది చీటీ ఒకసారి చదవండి. ఆ పేరు గాని, లసలోసిడ్, సాలినోమైసిన్ అనే పేర్లు గాని ఉంటే ఆ చీటీని ఫోటో తీసి వెంటనే వైద్యుడికి చూపించండి. గుర్రం పైకి హుషారుగా ఉన్నా సరే చూపించండి.

మందుల సంగతీ అంతే. ఆవుల పిడుదులకు వాడే అమిట్రాజ్ గుర్రానికి పుయ్యకండి. పేగులు కదలడం మానేస్తాయి. గొట్టంతోనో సీసాతోనో నూనెలు, కషాయాలు నోట్లో పొయ్యకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి గుర్రాలు చచ్చిపోవడం నేను చూశాను. కడుపుశూల వచ్చిన గుర్రానికి వైద్యుడు ముక్కులోంచి కడుపు దాకా గొట్టం వేసి మందు పంపిస్తాడు. అది చదువుకున్న చెయ్యి చెయ్యాల్సిన పని. శూల గుర్తులు మాత్రం మీరు తెలుసుకోవాలి. ముందుకాలితో నేల గీకడం, మాటిమాటికీ తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం, పడుకుని లేచి మళ్ళీ పడుకుని దొర్లడం, మేత ముట్టకపోవడం, చెమటలు పట్టడం, లద్దె వెయ్యకపోవడం. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది పది సార్లు లద్దె వేస్తుంది. ఒక పూటంతా నేల శుభ్రంగా ఉందంటే సంతోషించకండి, ఫోన్ చెయ్యండి.

ఇక దాని దగ్గరికి వెళ్ళడం. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉండి, చుట్టూ దాదాపు అంతా దానికి కనబడుతుంది. కనబడనివి రెండు చోట్లు. ఒకటి సరిగ్గా వెనక, ఇంకోటి నుదుటికి ఎదురుగా బాగా దగ్గర్లో. ఎదురుగా వెళ్ళి మొహం మీద చెయ్యి వెయ్యడం, వెనకనుంచి వెళ్ళి తొడమీద తట్టడం, రెండూ వద్దు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఎడమ భుజం వైపు ఏటవాలుగా వెళ్ళండి. ఆవు కాలు పక్కకు విసిరి తంతుంది, అందుకే మనం దాని వెనక నిలబడడానికి అంతగా భయపడం. గుర్రం రెండు కాళ్ళూ లేపి సూటిగా వెనక్కి తంతుంది. ఆ దెబ్బకు మనిషి ఎముక నిలవదు. కొరుకుతుంది కూడా. చెవులు వెనక్కి వాల్చి మెడకు అంటించిందంటే, తోక విసురుగా ఝాడించిందంటే, అక్కడే ఆగండి. తల దించి, పెదవి వదులు చేసి, చెవులు మీ వైపు తిప్పిందంటే రానిస్తోందన్నమాట.

మెడకు పలుపు వేసి కట్టెయ్యాలని ఎవరైనా అంటారు. ఒప్పుకోకండి. కంగారు పడ్డ ఆవు కాసేపు గింజుకుని ఊరుకుంటుంది. గుర్రం ప్రాణం పరుగులో ఉంది. కట్టు తగిలితే వెనక్కి పడిపోయేదాకా లాగుతుంది. ఉచ్చుముడి అయితే ఊపిరాడక పోతుంది. ముందరికాళ్ళకు బంధం కూడా వద్దు. మీ గేటు మూసి, దొడ్డిలో ఒక మూల వాసాలతో అడ్డుకట్టలు కట్టి ఖాళీగా వదిలేస్తే చాలు. ఇనుప ముళ్ళతీగ ఉన్న వైపు తెల్లగుడ్డ పీలికలు బారెడు దూరానికొకటి కట్టండి. రాత్రి బెదిరి పరుగెత్తితే ఆ తీగ దానికి కనబడదు. గుర్రాల కాళ్ళకు నేను వేసిన కుట్లలో ఎక్కువ ముళ్ళతీగ వల్లే. ఆ మూలలో గన్నేరు, ఆముదం మొక్కలుంటే కొట్టేయించండి. కొట్టిన కొమ్మలు దూరంగా పారెయ్యండి. గన్నేరు ఎండిన ఆకైనా విషమే. వైద్యుడు వచ్చినప్పుడు పట్టుకోవాల్సి వస్తే మొహానికి వేసే మెత్తటి తాడుకట్టు వాడండి, తాడు చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోకండి. గుర్రం లాగితే వేళ్ళు తెగిపోతాయి.

మీవారికి ఒక మాట. రోడ్డు మీదకు తోలితే మన దొడ్డి ఖాళీ అవుతుంది గాని గండం తప్పదు. చీకట్లో వాహనం ఢీకొంటే గుర్రం పొడుగుకాళ్ళు బండి ముందుభాగానికి తగిలి, నాలుగైదు వందల కిలోల ఒళ్ళు నేరుగా అద్దం మీద పడుతుంది. గుర్రంతో పాటు లోపలి మనుషులూ పోతారు. పైగా మూడు రోజులు మీ దగ్గర మేసిన గుర్రాన్ని మీరే రోడ్డెక్కించారని తేలితే చట్టం దృష్టిలో జవాబు చెప్పుకోవాల్సింది మీరే కావచ్చు. పాడి పశువులున్న ఇంట్లో కొత్త జంతువంటే ఆయనకు భయం ఉండడం న్యాయమే. ఆ భయానికి మందు, గుర్రాన్ని ఆవులకు దూరంగా ఉంచడం. కనీసం ముప్ఫై అడుగుల ఎడం పెట్టండి, తొట్టీ బకెట్టూ చీపురూ వేరు చెయ్యండి, ముందు ఆవుల పని చూసుకుని ఆఖర్న గుర్రం దగ్గరికి వెళ్ళి, చేతులు సబ్బుతో కడుక్కోండి. చుట్టుపక్కల ఇంకెవరికైనా గుర్రాలు, గాడిదలు ఉంటే వాటిని అసలు దగ్గరికి రానివ్వకండి. దవడ కింద గడ్డలు లేచి ముక్కులోంచి చీము కారే జబ్బు గుర్రాల్లో బకెట్ల ద్వారా కూడా పాకుతుంది. ముక్కులోంచి జిగట చీము, ముక్కు లోపల పుళ్ళు, కాళ్ళ మీద వరసగా పగిలే గడ్డలు కనబడితే అది గ్లాండర్స్ కావచ్చు. మనుషులకూ అంటుకుని ప్రాణం తీసే జబ్బు అది. ఆ గుర్తులుంటే ఎవరూ ముట్టుకోకుండా అధికారులకు చెప్పాలి. మింగలేక చొంగ కారుస్తున్నా, ఉన్నట్టుండి మీదకు వస్తున్నా, నడక తూలుతున్నా రేబిస్ అనే అనుమానించాలి. నోట్లో చెయ్యి పెట్టి ఏం ఇరుక్కుందో చూడబోకండి. మీరు చెప్పిన గుర్రంలో ఇవేవీ లేవు. అయినా రోజూ పొద్దున్నే ముక్కు, దవడ, కాళ్ళు ఒకసారి చూసుకుంటే మీకే నిశ్చింత.

కాలి గాయం ఎండిపోయిందన్నారు. ఎండిన గాయమే ఒక్కోసారి ఎక్కువ మోసం చేస్తుంది. ధనుర్వాతానికి గుర్రం అంత సులువుగా లొంగే జంతువు మరొకటి అరుదు. పైన చెక్కు కట్టి లోపల గాలి తగలని చోటే ఆ క్రిమి పెరుగుతుంది. టీకా వేశారో లేదో మనకు తెలియదు కాబట్టి వైద్యుడు రాగానే ఆ ఇంజక్షన్ సంగతి గుర్తు చెయ్యండి. ఆయన వచ్చేలోగా మీరు చేయగలిగింది జ్వరం చూడడం. అదీ గుర్రం రానిస్తేనే. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. ఆవుకు నూటొకటిన్నర మామూలే, ఆ అంకె గుర్రంలో కనబడితే కొంచెం జ్వరం ఉన్నట్టు. గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు. కదలకుండా నిలబడి ఉండగా గుండె 60 దాటిందంటే అది నొప్పితోనో అంతకన్నా పెద్ద బాధతోనో ఉంది. ఊపిరి లెక్క దూరంగా నిలబడి డొక్క కదలిక చూసైనా చెప్పొచ్చు. ఆ పని మీ బాబుకు అప్పగించండి. గడియారం పట్టుకుని పొద్దునా సాయంత్రం లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాడు. ఎక్కడం మాత్రం కుదరదు. కండ లేని వీపు మీద పదేళ్ళ పిల్లాడి బరువు కూడా పుండు చేస్తుంది. దానికి మనిషి ఎక్కడం అలవాటుందో లేదో కూడా మనకు తెలియదు కదా. వాడికి కోపం వస్తుంది, రానివ్వండి.

అది ఎవరిదో తెలుసుకోవడం మిగిలింది. నాకు చాలా ఇష్టమైన పని ఇది, ఎందుకంటే గుర్రం ఒళ్ళే దాని కథ చెబుతుంది. ముందు గిట్టలు చూడండి. లాడాలున్నాయా? ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వాటిని విప్పి, గిట్ట చెక్కి, మళ్ళీ కొడతారు. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు లోపు పెరుగుతుంది. లాడం అంచు దాటి గిట్ట ఎంత పెరిగిందో చూస్తే యజమాని చెయ్యి పడి ఎన్నాళ్ళైందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. లాడాలు లేకపోయినా గిట్ట అంచులో మేకుల రంధ్రాలు ఉండొచ్చు. తర్వాత వీపు. మూపుకు రెండు పక్కలా ఎర్రటి ఒంటి మీద గుండ్రటి తెల్లవెంట్రుకల మచ్చలుంటే అవి పుట్టుమచ్చలు కావు, జీను ఒరిపిడికి చర్మం దెబ్బతిని తెల్లగా మొలిచినవి. రొమ్ము మీద, భుజాల మీద అలాంటి ఒరిపిడి ఉంటే బండి లాగింది. ముక్కు దూలం మీద వెంట్రుకలు అరిగిన గీత ఉంటే చాలాకాలం మొహానికి కట్టు వేసి ఉంచారు. పెదవుల మూలలు కాయ కాసి ఉంటే కళ్ళెం అలవాటుంది. వయసు వైద్యుడు పళ్ళు చూసి చెబుతాడు. అయిదేళ్ళకు ముందుపళ్ళన్నీ శాశ్వతమైనవి వచ్చేస్తాయి. పదేళ్ళ ప్రాంతంలో పైవరస చివరి ముందుపంటి మీద చిగురు దగ్గర ఒక గాడి మొదలవుతుంది, ఇరవై ఏళ్ళకు అది పంటి చివరిదాకా దిగుతుంది. ఆడగుర్రమైతే కడుపుతో ఉందేమో కూడా చూడమనండి. పదకొండు నెలలు మోస్తుంది. ఒళ్ళు చిక్కి పొట్ట మాత్రం దిగి ఉంటే అది నులిపురుగుల వల్ల కావచ్చు, పిల్ల వల్ల కావచ్చు.

చాలా దేశాల్లో గుర్రాలకు మెడలో ఎడమవైపు, జూలుకు కొంచెం కింద చర్మం లోపల మైక్రోచిప్ పెడతారు. అందులో పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. చేత్తో తడిమితే తెలియదు, చదివే యంత్రం కావాలి. వైద్యుణ్ణి అది తెమ్మని ముందే అడగండి. చిప్ లేకపోయినా నుదుటి సుడి ఉంది. మనిషి వేలిముద్రలాగే ప్రతి గుర్రానికీ సుడుల చోటు, తిరిగే వైపు, సంఖ్య వేరుగా ఉంటాయి. గుర్రాల గుర్తింపు పత్రాల్లో వాటిని బొమ్మ గీసి రాస్తారు. కాబట్టి ఎడమ, కుడి, ఎదురు, వెనక, నాలుగు వైపులా నిలువెత్తు ఫోటోలు తీసి, నుదుటి సుడి, తెల్లమచ్చ, నాలుగు కాళ్ళూ దగ్గరగా విడివిడిగా తియ్యండి. ఇప్పుడున్న బక్క ఒంటి ఫోటో మీద తేదీ ఉండాలి. అది మీ దగ్గరకు వచ్చేటప్పటికే అలా ఉందని రుజువు చేసేది అదే. రేపు ఎవరైనా వచ్చి "మా గుర్రాన్ని ఎండగట్టారు" అంటే మీకు అక్కరకొస్తుంది.

తర్వాత పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఊరి స్థానిక సంస్థకు, పశువైద్యశాలకు కూడా అదే కాగితం నకలు ఇవ్వండి. దొరికిన జంతువును ఎన్ని రోజులు ఉంచాలి, బందెలదొడ్డికి పంపాలా, యజమాని రాకపోతే ఎవరికి చెందుతుంది అనే నిబంధనలు చోటును బట్టి మారతాయి. ఆ ప్రశ్నలు మూడూ అక్కడే అడిగి, జవాబులు కూడా రాయించుకోండి. చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పించండి. లాడాలు కొట్టేవాళ్ళకు, బండ్లు నడిపేవాళ్ళకు, గుర్రపుస్వారీ నేర్పేవాళ్ళకు కబురు పంపండి. వాళ్ళకు ఒకరి గుర్రాలు ఒకరికి తెలుసు. అయితే గుర్తులన్నీ బయటపెట్టకండి. ఎర్ర గుర్రం, నుదుటి మీద మచ్చ, అంతవరకే. కాలి గాయం ఏ కాలికో, మరో తెల్లమచ్చ ఎక్కడుందో దాచిపెట్టండి. నిజమైన యజమాని అయితే అడగకుండానే చెబుతాడు. పాత ఫోటోలు చూపిస్తాడు. ఎవరు వచ్చినా పోలీసుల ఎదుటే అప్పగించండి. ఖర్చుల చీటీలన్నీ ఒక సంచిలో వేసి ఉంచండి. చాలాచోట్ల న్యాయమైన మేపు ఖర్చు అడిగే హక్కు ఉంటుంది.

వచ్చిన యజమానిని దొంగను చూసినట్టు చూడకండి. గుర్రం చిక్కిపోయిందంటే కొట్టి మాడ్చారనే అనుకోనవసరం లేదు. పిడుగుకో బాణసంచాకో బెదిరి తెంచుకుపోయిన గుర్రం వారాల తరబడి తిరిగి అలా అయి ఉండొచ్చు. కాని ఒంటి మీద పాత కొరడా దెబ్బలు, తాడు కోసుకుపోయిన మచ్చలు కనబడితే, అప్పగించే ముందు ఆ ఫోటోలు వైద్యుడి సంతకంతో పోలీసులకు ఇవ్వండి. అక్కడ మొహమాటం పనికిరాదు.

అత్తగారి కోరిక సంగతి. ఎవరూ రాలేదు, చట్టం ప్రకారం మీకే ఇచ్చారు అనుకుందాం. అప్పుడు ఉంచుకోవచ్చా? గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. పాలివ్వదు, దుక్కి మీకు అవసరం లేదు. పాతిక ముప్ఫై ఏళ్ళు బతికే జీవి. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, ఏటా పళ్ళు అరగదీయించాలి, టీకాలు, నులిమందులు, ఏడాది పొడవునా మేత. ఇవన్నీ మోయగలమని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటేనే ఉంచుకోండి. లేకపోతే గుర్రాలు తెలిసిన మంచి చేతిలో పెట్టడం ఆవిడ దయకు ఏమీ తక్కువ కాదు. ఆవిడకు ఈ మాట నా మాటగా చెప్పండి. తరిమినా తిరిగి వచ్చి పాక పక్కనే ఎందుకు నిలబడుతోందో కూడా చెప్పండి. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరితనం దానికి భయం. తన జాతి దొరక్కపోతే ఆవుల దగ్గరైనా చేరుతుంది. మీ పాకలోంచి పశువుల వాసన, నెమరు చప్పుడు దానికి చేరి ఉంటాయి. అందుకే ఎడంగా ఉంచినా సరే, ఆవులు కంటికి కనబడేటట్టే ఉంచండి.

ఆఖరుకు మీరు అడిగిన నిద్ర సంగతి. నిలబడి ఉండడం నొప్పి గుర్తు కాదు. గుర్రం కాళ్ళ కీళ్ళను పెద్దగా శ్రమ లేకుండా బిగించి పెట్టే స్నాయువుల (ఎముకల్నీ కండరాల్నీ కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీల), కండరాల అమరిక ఉంటుంది. దానితో నిలబడే కునుకు తీస్తుంది. ఒక వెనకకాలు కొంచెం మడిచి గిట్ట కొన నేలకు ఆనించిందంటే అది కునుకుతోంది. ముందుకాలు అలా ఎత్తి ముందుకు చాపి ఉంచితే మాత్రం ఆ కాలికి నొప్పి ఉందని వైద్యుడికి చెప్పండి. గాఢనిద్రకు మాత్రం అది పడుకోవాలి. రోజులో అరగంటో గంటో చాలు. కొత్తచోట, ఒంటరిగా, చుట్టూ ఏముందో తెలియనప్పుడు ఆ అరగంట కూడా పడుకోదు. కాపలా కాసే తోడు లేదు కదా. ఎండు గడ్డి ఒక పొరగా పరిచి, రాత్రిపూట అటువైపు కుక్కల్ని పోనివ్వకుండా, దీపం వెయ్యకుండా వదిలెయ్యండి. ఏదో ఒక పొద్దున దాని పక్క మీద, జూలులో గడ్డిపరకలు అంటుకుని కనబడతాయి. ఆ రోజు నాకు రెండు ముక్కలు రాయండి.